పేరు మార్పునకు పరీక్ష

లోకమున ప్రతి వస్తువునకును ఒక పేరు కలదు. పేరు లేనిచో వస్తువును పిలుచుటకు గాని, వెదకుటకు గాని వీలుపడదు. అయినను వస్తువు వేరు, దాని పేరు వేరు. ఇంటిలో 'చిట్టి' యని పిలువబడు బాలిక బడిలో 'సీతామహాలక్ష్మి' యగును. పేర్లు రెండైనను బాలిక ఒక్కతెయే. పేరు మారినంత మాత్రమున ఆమె నేర్చిన చదువు మారదు. ఈ చిన్న సత్యమును మనస్సునందుంచుకొన్నచో, కంప్యూటరు లోపల నిత్యము జరుగుచుండు ఒక ముఖ్యమైన కార్యము మనకు సులభముగా బోధపడును. ఆ కార్యమే ఫైలు పేరు మార్చుట. అది సరిగా జరుగుచున్నదో లేదో పరీక్షించుట ఎట్లో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

కంప్యూటరునందు గాని, ఫోనునందు గాని మనము దాచుకొను పాఠము, పాట, ఛాయాచిత్రము, చలనచిత్రము మున్నగునవన్నియు ఫైళ్లే. ఫైళ్లను కూర్చియుంచు స్థానమునకు డైరెక్టరీ యని పేరు. దీనినే ఫోల్డరు అనియు వ్యవహరింతురు. మీలో పలువురు ఒక వింతను గమనించియుందురు. రెండు గంటలపాటు నడచు చలనచిత్రపు ఫైలునకు పేరు మార్చినచో ఆ పని రెప్పపాటులో ముగియును. ఆ ఫైలునే పెన్‌డ్రైవులోనికి పంపినచో కొన్ని నిమిషములు పట్టును. దీనికి కారణమేమి?

పాఠశాలలోని ప్రవేశపు రిజిస్టరును తలచుకొనుడు. బడిలో చేరిన ప్రతి విద్యార్థికిని ఒక ప్రవేశ సంఖ్య ఇయ్యబడును. బడి విడుచు వరకు ఆ సంఖ్య మారదు. విద్యార్థి పేరు మార్చవలసి వచ్చినచో గుమాస్తా పట్టికలోని ఒక్క పంక్తిని దిద్దును. అంతియే కాని విద్యార్థిని తరగతి నుండి కదల్పడు. యూనిక్స్, లినక్స్ మున్నగు ఆపరేటింగ్ సిస్టములందు ప్రతి ఫైలునకును ఇట్టి సంఖ్యయే కలదు. దానికి ఐనోడ్ సంఖ్య యని పేరు. డైరెక్టరీ యనగా పేర్లను, సంఖ్యలను జతపరచి వ్రాసిన పట్టిక మాత్రమే. కావున పేరు మార్చుట యనగా పట్టికలో ఒక పంక్తిని మార్చుట. చలనచిత్రము ఉన్నచోటనే యుండును. పెన్‌డ్రైవు వేరొక బడి వంటిది. దాని రిజిస్టరు వేరు, దాని సంఖ్యలు వేరు. అందుచేత అచ్చటికి పంపునపుడు ఫైలునంతటిని మరల వ్రాయవలసివచ్చును.

ఈ పట్టికను దిద్దు అధికారము ఎవ్వరికి కలదు? మనము వ్రాయు ప్రోగ్రాములకు లేదు. ఆపరేటింగ్ సిస్టమునకు హృదయమైన కెర్నెలు ఒక్కదానికే కలదు. ప్రోగ్రాము కెర్నెలునకు విన్నవించుకొనవలెను. కెర్నెలు విచారించి, తగిన పనియైనచో చేయును, కానిచో నిరాకరించును. ఇట్టి విన్నపమునకు సిస్టమ్ కాల్ అని పేరు. ఫైలు పేరు మార్చుమని కోరు సిస్టమ్ కాల్ పేరు రినేమ్. సి భాషలో దీనిని పిలుచుట మిక్కిలి సులభము. రినేమ్ అని వ్రాసి, కుండలీకరణములలో మొదట పాత పేరును, కామా పిదప క్రొత్త పేరును వ్రాసిన చాలును. పని జరిగినచో 0 జవాబుగా వచ్చును. జరగనిచో రుణము 1 వచ్చును. ఏల జరగలేదో తెలుపు సంఖ్య ఎర్నో యను చోట నిలుచును.

ఈ సిస్టమ్ కాల్ మొదటినుండియు లేదు. యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యను శాస్త్రజ్ఞుల కృషిచే ఆరంభమయ్యెను. సి భాషను రూపొందించినవాడు రిచీ. 1973లో యూనిక్స్ కెర్నెలు సి భాషలో తిరిగి వ్రాయబడెను. ఆ కాలమున పేరు మార్చుటకు రెండు పనులు చేయవలసియుండెను. లింక్ అను కాల్‌తో ఫైలునకు క్రొత్త పేరును తగిలించుట మొదటి పని. అన్‌లింక్ అను కాల్‌తో పాత పేరును తొలగించుట రెండవ పని. క్రొత్త పేరుతో అంతకుముందే మరియొక ఫైలున్నచో లింక్ నిరాకరించును గనుక దానిని ముందుగా తొలగింపవలసియుండెను.

ఈ పద్ధతిలో ఒక అపాయము పొంచియున్నది. క్రొత్త పేరుతోనున్న వెనుకటి ఫైలును తొలగించితిమి. దాని స్థానమున పేరు ఇంకను తగిలింపలేదు. ఆ నడిమి క్షణమున విద్యుత్తు ఆగిపోయినచో ఏమగును? కంప్యూటరు మరల మేల్కొనునప్పటికి ఆ పేరుతో ఏ ఫైలును ఉండదు. విద్యుత్తు ఆగకున్నను, ఆ క్షణముననే మరియొక ప్రోగ్రాము ఆ ఫైలును తెరువబోయినచో 'అట్టి ఫైలు లేదు' అను జవాబు వచ్చును. ఈ లోపమును తొలగించుటకే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీ శాస్త్రజ్ఞులు 1983లో వెలువరించిన 4.2 బి.ఎస్.డి. యను యూనిక్స్‌నందు రినేమ్ సిస్టమ్ కాల్‌ను ప్రవేశపెట్టిరి. 1989 నాటి సి భాషా ప్రమాణమునందును రినేమ్ అను ఫంక్షను చోటు సంపాదించినది.

రినేమ్ ఇచ్చు వాగ్దానము ఇది: క్రొత్త పేరుతో వెనుకటి ఫైలున్నచో దానిని తీసి, దాని స్థానమున ఈ ఫైలును నిలుపుదును, నడుమ ఒక్క క్షణమైనను ఆ పేరు శూన్యముగా నుండదు. చూచువానికి పాత ఫైలైనను కనబడును, క్రొత్త ఫైలైనను కనబడును. ఏదియు లేని స్థితి మాత్రము కనబడదు. దీనినే అవిభాజ్యత యందురు.

ఈ వాగ్దానము విలువ ఎంతటిదో ఒక ఉదాహరణమున చూతము. ఒక పాఠశాలలో నాలుగు వందల విద్యార్థుల మార్కులు ఒక ఫైలులో నున్నవనుకొనుడు. ఒక్క విద్యార్థి మార్కును దిద్దవలసియున్నది. ఫైలును తెరచి, మొదటినుండి చివరివరకు దానిమీదనే మరల వ్రాయుచు నూట ఏబదవ విద్యార్థి దాకా వచ్చునప్పటికి విద్యుత్తు పోయినచో, మిగిలిన రెండు వందల ఏబది మంది శ్రమయు మాయమగును. క్రొత్త ఫైలు పూర్తి కాలేదు. పాత ఫైలు మిగులలేదు. రెంటికి చెడిన రేవడి చందమగును. బుద్ధిమంతుడైన ప్రోగ్రాము కర్త ఇట్లు చేయడు. దిద్దిన మార్కులన్నిటిని వేరొక పేరుతో ప్రక్కన ఒక ఫైలుగా వ్రాసి, అది సంపూర్ణమైన పిదపనే రినేమ్‌తో దానికి అసలు పేరు పెట్టును. ఇప్పుడు విద్యుత్తు ఏ క్షణమున పోయినను మార్కుల ఫైలు అను పేరు పాత ఫైలునో, క్రొత్త ఫైలునో చూపుచుండును. లేఖలు వ్రాయు సాధనములు మొదలు పెద్ద సంస్థల లెక్కలు దాచు ప్రోగ్రాముల వరకు అనేకములు నేడు ఈ పద్ధతినే నమ్మియున్నవి. ఆండ్రాయిడ్ ఫోనులందు సైతము లోపల నున్నది లినక్స్ కెర్నెలే.

ఇందరు నమ్మిన మాటను ఊరక నమ్మరాదు, పరీక్షింపవలెను. క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడు, ఫైళ్లను దాచు క్రొత్త విధానము వచ్చినప్పుడు, అది రినేమ్ వాగ్దానమును నిలుపుకొనుచున్నదో లేదో తెలిసికొనుటకు సి భాషలో చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములు వ్రాయుదురు. అవి ఎట్లుండునో వరుసగా చూతము.

మొదటి నియమము: పరీక్షకు ప్రత్యేకముగా ఒక ఖాళీ డైరెక్టరీని నిర్మింపవలెను. పరీక్షకు కావలసిన ఫైళ్లను అందులోనే సృష్టింపవలెను. పని ముగిసిన పిమ్మట అన్నిటిని తుడిచివేయవలెను. నిన్నటి పరీక్షలో మిగిలిన ఫైలు నేటి పరీక్షను తప్పుదారి పట్టించును. వంట మొదలిడుటకు ముందు పాత్రలు తోమియుంచుకొనుట వంటిదే ఇది.

మొదటి పరీక్ష సామాన్యమైనది. 'పాత' అను పేరుతో ఒక ఫైలును సృష్టించి అందులో ఒక వాక్యము వ్రాయవలెను. స్టాట్ అను కాల్‌తో దాని ఐనోడ్ సంఖ్యను, పరిమాణమును అడిగి గుర్తుంచుకొనవలెను. పిదప రినేమ్‌ను పిలిచి 'పాత'ను 'క్రొత్త'గా మార్చవలెను. జవాబు 0 వచ్చినదా? వచ్చినచో పరీక్ష ముగిసినదని సంతోషింపరాదు. పని చేసితినని చెప్పుట వేరు, పని జరుగుట వేరు. 'పాత' అను పేరుతో వెదకినచో ఫైలు దొరకకూడదు. 'క్రొత్త' అను పేరుతో వెదకినచో దొరకవలెను. దాని ఐనోడ్ సంఖ్య మొదటిదే కావలెను. పరిమాణము మారరాదు. లోపలి వాక్యము అక్షరము పొల్లుపోక యుండవలెను. ఈ ఐదు విషయములును సరిపోయినప్పుడే పరీక్ష నెగ్గినట్లు.

రెండవ పరీక్షలో 'పాత', 'క్రొత్త' అను రెండు ఫైళ్లును ముందే యుండును. వానిలో వేరువేరు వాక్యములుండును. రినేమ్ పిలిచిన పిదప 'క్రొత్త' అను పేరు క్రింద మొదటి ఫైలులోని వాక్యమే కనబడవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. క్రొత్త పేరుతో ఫైలు ముందే యున్నచో ఏమి చేయవలెనో సి భాషా ప్రమాణము ఖండితముగా చెప్పలేదు. ఆయా వ్యవస్థల ఇష్టమునకు విడిచినది. యూనిక్స్ సంప్రదాయమున ఆ ఫైలు తొలగి దాని స్థానమున క్రొత్తది నిలుచును. విండోస్ నందలి సి గ్రంథాలయపు రినేమ్ మాత్రము నిరాకరించును. కావున పరీక్షా కర్త తాను ఏ వ్యవస్థను పరీక్షించుచున్నాడో, ఆ వ్యవస్థ ఏమి వాగ్దానము చేసినదో ముందుగా చదువవలెను.

మూడవ పరీక్ష మరింత విచిత్రమైనది. చిట్టి, సీతామహాలక్ష్మి ఒక్కతెయే యైనట్లు, ఒకే ఫైలునకు లింక్ కాల్ ద్వారా రెండు పేర్లు పెట్టవచ్చును. ఇప్పుడు మొదటి పేరును రెండవ పేరుగా మార్చుమని రినేమ్‌ను కోరినచో ఏమగును? మొదటి పేరు పోయి రెండవది మిగులునని ఎవ్వరైనను తలతురు. కాని ప్రమాణము చెప్పునది వేరు. రెండు పేర్లును ఒకే ఫైలునకు చెందినవైనచో రినేమ్ ఏమియు చేయక, 0 జవాబుగా ఇయ్యవలెను. రెండు పేర్లును అట్లే నిలిచియుండును. ఈ నియమమును ఎరుగని పరీక్షా కర్త నిర్దోషియైన కెర్నెలుపై దోషమారోపించును. ప్రశ్నపత్రము తయారుచేయువాడు పాఠ్యపుస్తకమును విద్యార్థికంటె శ్రద్ధగా చదువవలెనని పెద్దలు చెప్పుట ఇందులకే.

ఇంతవరకు చెప్పినవన్నియు పని జరగవలసిన సందర్భములు. పని జరగరాని సందర్భములను పరీక్షించుట అంతకంటె ముఖ్యము. కాదనవలసిన చోట కాదనుటయు మంచి సేవకుని లక్షణమే. లేని ఫైలునకు పేరు మార్చుమన్నచో రినేమ్ రుణము 1 జవాబిచ్చి, ఎర్నోలో 2 ఉంచవలెను. లినక్స్‌నందు 2 అనగా 'అట్టి ఫైలు లేదు' అని అర్థము. ఫైళ్ల విభాగమొకటి దాటి మరియొక విభాగములోనికి పేరు మార్చుమన్నచో 18 రావలెను. పెన్‌డ్రైవు సంగతి ఇదియే. అట్టిచోట ఫైలును తరలించు ప్రోగ్రాము ప్రతిని వ్రాసి, అసలును తొలగించును. డైరెక్టరీని తీసికొనిపోయి సాధారణ ఫైలు స్థానమున పెట్టుమన్నచో 20 రావలెను. సాధారణ ఫైలును డైరెక్టరీ స్థానమున పెట్టుమన్నచో 21 రావలెను. ఒక డైరెక్టరీని దాని కడుపులోనున్న డైరెక్టరీలోనికే చేర్చుమన్నచో 22 రావలెను. పెట్టెను ఆ పెట్టెలోనే యుంచుట ఎవ్వరికి సాధ్యము? లోపల ఫైళ్లున్న డైరెక్టరీ స్థానమున మరియొక డైరెక్టరీని నిలుపుమన్నచో 'అది ఖాళీగా లేదు' అని 39 గాని, 'అది ముందే యున్నది' అని 17 గాని రావచ్చును. ప్రమాణము రెంటిని అనుమతించినది గనుక పరీక్షయు రెంటిని అంగీకరింపవలెను.

ఇచ్చట రెండు జాగ్రత్తలు కలవు. ఎర్నోను పని విఫలమైనప్పుడే చూడవలెను. పని జరిగినప్పుడు వెనుకటి సంఖ్య అందులో అట్లే మిగిలియుండవచ్చును. ఇది మొదటి జాగ్రత్త. నిరాకరించిన పిదప పాత పేరు, క్రొత్త పేరు, వాని లోపలి విషయములు ఏమాత్రము చెదరలేదని మరల చూచుట రెండవది. 'చేయను' అని చెప్పి సగము చేసిన సేవకుడు అసలు చేయనివానికంటె ప్రమాదకరుడు.

అనుమతుల పరీక్షలో మరియొక పాఠము దాగియున్నది. ఫైలు పేరు మార్చుటకు ఆ ఫైలుపై వ్రాయు అనుమతి కావలెనని చాలమంది భావింతురు. అది సరికాదు. పేరుండునది డైరెక్టరీయను పట్టికలో. కావున పట్టికపై వ్రాయు అనుమతి యున్న చాలును. తానే సృష్టించిన ఒక ఫైలునకు చదువు, వ్రాయు అనుమతులన్నిటిని తీసివేసి, డైరెక్టరీకి మాత్రము అనుమతి యుంచి పరీక్షించినచో పేరు మారును. డైరెక్టరీకి వ్రాయు అనుమతిని తీసివేసినచో మారదు; ఎర్నోలో 13 వచ్చును. అయితే ఈ పరీక్షను రూట్ అనబడు సర్వాధికారి పేరిట నడిపినచో ప్రయోజనము లేదు. సర్వాధికారికి ఈ అడ్డంకులు వర్తింపవు. కెర్నెలు ధర్మముగనే నడచుకొన్నను, పరీక్ష మాత్రము తప్పు జరిగినదని ఘోషించును. కావున ఇట్టి పరీక్షను సామాన్యుని పేరిటనే జరుపవలెను.

హద్దుల వద్ద పరీక్షించుట మరియొక పద్ధతి. లినక్స్‌నందలి సాధారణమైన ఫైలు విధానములలో పేరు 255 బైట్లకు మించరాదు. కావున సరిగా 255 బైట్ల పేరుతో ఒకసారి, 256 బైట్ల పేరుతో ఒకసారి పరీక్షింపవలెను. మొదటిది నెగ్గవలెను. రెండవదానికి 'పేరు మిక్కిలి పొడవు' అని 36 రావలెను. ఇందు మన తెలుగువారికి ఒక విశేషము కలదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యు.టి.ఎఫ్.8 అను పద్ధతిలో తెలుగు వర్ణమునకు గాని, గుణింతపు గుర్తునకు గాని, పొల్లునకు గాని మూడేసి బైట్లు కావలెను. 'తెలుగు' అను మాటలో మూడు వర్ణములు, మూడు గుర్తులు కలవు. అందుచే 18 బైట్లు పట్టును. 'శ్రీ' కంటికి ఒక్క అక్షరముగనే కనబడినను, శకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు కలసి 12 బైట్లగును. ఈ లెక్కను బట్టి తెలుగు పేరునకు 85 గుర్తుల వరకే చోటున్నది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి తృప్తిపడిన ప్రోగ్రాము కర్త ఈ హద్దును గుర్తింపడు. తెలుగు పేర్లు పెట్టుకొనువారు ఆ ప్రోగ్రాముతో ఇబ్బందిపడుదురు.

ఇక అన్నిటికంటె కఠినమైనది అవిభాజ్యతా పరీక్ష. ఇందు రెండు ప్రోగ్రాములు ఏకకాలమున నడువవలెను. మొదటిది ప్రక్కన ఒక క్రొత్త ఫైలు వ్రాసి, దానికి 'మార్కులు' అని పేరు మార్చును. మరల వ్రాయును, మరల మార్చును. ఇట్లు లక్ష పర్యాయములు చేయును. ఒకసారి ఫైలునిండ 'అ' యను అక్షరమునే వ్రాయును. మరియొకసారి ఫైలునిండ 'ఆ' యను అక్షరమునే వ్రాయును. రెండవ ప్రోగ్రాము ఎడతెగక 'మార్కులు' అను ఫైలును తెరచి చదువుచుండును. దానికి ఒక్కసారియైనను 'అట్టి ఫైలు లేదు' అను జవాబు రాకూడదు. చదివిన ఫైలులో అన్నియు 'అ'లైనను కావలెను, అన్నియు 'ఆ'లైనను కావలెను, కలగూరగంప కారాదు. అయితే నడిమి క్షణమున ఒకే ఫైలు పాత పేరుతోను, క్రొత్త పేరుతోను కనబడవచ్చును. అట్లు కనబడదని రినేమ్ వాగ్దానము చేయలేదు. చేయని వాగ్దానమును అడుగుట న్యాయము కాదు.

ఈ పరీక్ష నెగ్గినదనుకొనుడు. కెర్నెలు మంచిదై నెగ్గినదా, లేక పరీక్షయే గ్రుడ్డిదై తప్పును చూడలేదా? దీనిని తేల్చుటకు ఒక ఉపాయము కలదు. రినేమ్‌కు బదులు పూర్వపు పద్ధతిలో, ముందు అన్‌లింక్, పిదప లింక్ పిలుచు దోషయుక్తమైన మార్గమును కావలెనని పెట్టి, ఆ పరీక్షనే మరల నడుపవలెను. లక్ష పర్యాయములలో చదువరి ప్రోగ్రామునకు అప్పుడప్పుడు 'అట్టి ఫైలు లేదు' అను జవాబు తగులవలెను. తగిలినచో పరీక్షకు కన్నులున్నవని నమ్మవచ్చును. తగలనిచో ముందుగా పరీక్షను దిద్దవలెను. త్రాసుతో బంగారము తూచుటకు ముందు, ఆ త్రాసు బరువు తేడాను చూపుచున్నదో లేదో చూడవలెను గదా!

ఇన్ని పరీక్షలు నెగ్గినను అపాయము పూర్తిగా తొలగిపోయినదని తలపరాదని 2009లో జరిగిన ఒక సంఘటన లోకమునకు బోధించినది. లినక్స్‌నందు ఈ.ఎక్స్.టి.4 అను ఫైలు విధానము అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చుచుండెను. వేగము కొరకు అది ఫైలులోని విషయమును వెంటనే డిస్కుపై వ్రాయక కొంతసేపు నిలిపియుంచెడిది. పేరు మార్పు మాత్రము ముందుగనే డిస్కుపై నమోదగుట కలదు. ఈ రెంటి నడుమ కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయినచో, మరల మేల్కొనునప్పటికి క్రొత్త పేరు ఉండును గాని, ఫైలు లోపల ఒక్క అక్షరమైనను ఉండదు. పాత ఫైలు ముందే తొలగిపోయినది. కొందరి ఫైళ్లు ఇట్లు శూన్యములైనవి. రినేమ్ తన మాటను తప్పలేదు. నడచుచున్న కంప్యూటరులో పేరు ఎన్నడును శూన్యము కాలేదు. కాని విద్యుత్తు పోయిన పిదప విషయము మిగులునని అది ఎన్నడును చెప్పలేదు. అందుకు ఎఫ్‌సింక్ అను వేరొక కాల్ కలదు. రినేమ్‌కు ముందుగా దానిని పిలిచి, విషయము డిస్కుపై భద్రముగా చేరినదని నిశ్చయించుకొనవలెను. ఆ వాదము చెలరేగిన పిమ్మట కెర్నెలు కర్తలు 2009లోనే వెలువడిన 2.6.30 లినక్స్‌నందు, ఇట్టి సందర్భమున విషయమును ముందుగా డిస్కునకు పంపునట్లు ఈ.ఎక్స్.టి.4 ను సవరించిరి. అయినను జాగరూకుడైన ప్రోగ్రాము కర్త ఎఫ్‌సింక్‌ను విడువడు. పరీక్షా కర్తలును నాటినుండి నేర్చుకొనవలసినది ఇదియే: నడచుచున్న యంత్రమునే కాక, నడుమ ఆగిన యంత్రమును కూడ పరీక్షింపవలెను.

కాలక్రమమున క్రొత్త అవసరములు పుట్టినవి. ఉన్న ఫైలును తొలగింపక, అది యున్నచో నిరాకరింపుమనియు, రెండు ఫైళ్ల పేర్లను ఒక్కసారిగా తారుమారు చేయుమనియు కోరుటకు 2014లో వెలువడిన లినక్స్ 3.15 నందు రినేమ్ఎట్2 అను క్రొత్త కాల్ చేరినది. క్రొత్త వాగ్దానమునకు క్రొత్త పరీక్షలు కావలెను. లినక్స్ టెస్ట్ ప్రాజెక్టు అను పరీక్షల సంపుటమునందు రినేమ్ ఒక్కదానికే పదికి పైగా సి ప్రోగ్రాములు కలవు. లేని ఫైలు, ఖాళీ కాని డైరెక్టరీ, అనుమతి లేని డైరెక్టరీ వంటి సందర్భములలో ఒక్కొక్కదానిని అవి విడివిడిగా పరీక్షించును. ఆ ప్రోగ్రాములను ఎవ్వరైనను చదువవచ్చును, నడుపవచ్చును, తప్పున్నచో దిద్ది పంపవచ్చును.

పరీక్షలు లోపములున్నవని చూపగలవే గాని, లోపములు లేవని నిరూపింపజాలవని డచ్చి దేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా హెచ్చరించెను. లక్ష పర్యాయములు నెగ్గినది లక్షయొకటవ పర్యాయము ఓడవచ్చును. ఇందువలన పరీక్షలు వ్యర్థమని అర్థము కాదు. వాగ్దానమును శ్రద్ధగా చదువుట, జవాబును విని ఊరకుండక కన్నులార చూచుట, నిరాకరింపవలసిన చోట నిరాకరించెనా యని విచారించుట, హద్దుల వద్ద నిలిచి పరిశీలించుట, తన పరీక్షనే పరీక్షకు పెట్టుట – ఈ పనులు చేసినవాని మాటకు విలువ యుండును.

విద్యార్థులారా! మీలో కొందరు ముందుముందు సి భాషను నేర్చి, ఇట్టి ప్రోగ్రాములు వ్రాయవచ్చును. మరికొందరు వేరు వృత్తులలో ప్రవేశింపవచ్చును. ఏ వృత్తియందైనను 'పని అయినది' అను మాటకును, పని నిజముగా అగుటకును నడుమ కొంత దూరము కలదు. ఆ దూరమును ఓర్పుతో కొలిచి చూచువారు ఉన్నందుననే, నడిరేయి విద్యుత్తు పోయినను, మరునాటి ఉదయము నాలుగు వందల విద్యార్థుల మార్కులు చెక్కుచెదరక కనబడుచున్నవి.